డ్రాగన్‌బాక్స్ ఆల్జీబ్రా: లెక్కల ట్యూషన్ వరండా నుంచి ఒక రివ్యూ

తెనాలిలో మా ఇంటి వరండాలో సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా లెక్కల ట్యూషన్ చెప్తాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు పదకొండు మంది. పద్నాలుగేళ్ళుగా ఇదే పని. పిల్లలు మారుతుంటారు, పాఠ్యపుస్తకాలు మారాయి, ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు వచ్చింది. పిల్లలు తడబడే చోటు మాత్రం మారలేదు. అది ఏడో తరగతిలో సామాన్య సమీకరణాలు. అప్పటిదాకా కూడికలూ భాగహారాలూ గబగబా చేసిన పిల్ల కూడా ఎక్స్ + 5 = 12 అని ఇస్తే ఎక్స్ = 12 + 5 అని రాసి నా ముఖం వైపు చూస్తుంది. నా ముఖంలో ఏదో కనబడగానే ప్లస్ కొట్టేసి మైనస్ పెడుతుంది. "అటు వెళ్తే గుర్తు మారుతుంది టీచర్" అంటుంది. ఎందుకు మారుతుందమ్మా అంటే మాట ఉండదు. తెలుగులో పక్షాంతరం అన్నా, ఇంగ్లీషు మీడియం పిల్లలు ట్రాన్స్‌పోజ్ అన్నా పడేది ఒకే గోతిలో.

ఆ గోతి దగ్గర నాకు నిజంగా పనికొచ్చిన ఒక టాబ్లెట్ ఆట గురించి చెప్పాలని ఇది రాస్తున్నాను. డ్రాగన్‌బాక్స్ ఆల్జీబ్రా. ఏం బాగుందో, ఎక్కడ ఆగిపోతుందో రెండూ చెప్తాను. ఎందుకంటే ఆగిపోయే చోటు తెలియకపోతే డబ్బు దండగ.

కిందటి వేసవి సెలవులకి మా అన్నయ్య కూతురు వచ్చింది. ఆరు అయిపోయి ఏడుకి వెళ్తోంది. లెక్కలంటే దానికి ఎంత టెన్షన్ అంటే పరీక్ష రోజు పొద్దున టిఫిన్ ముట్టదు. అంతకుముందు సంవత్సరం ఒక కంపెనీ మనిషి వాళ్ళింటికి వచ్చి, పిల్లకి చిన్న పరీక్ష పెట్టి, "మీ అమ్మాయి బాగా వెనకబడి ఉంది సార్" అని భయపెట్టి, వాయిదాల మీద పెద్ద కోర్సు ఒకటి అంటగట్టి వెళ్ళాడు. అందులో వీడియో పాఠం చూసి సరైన జవాబు నొక్కితే నాణేలు రాలతాయి. ఆ నాణేలతో బొమ్మకి టోపీలు, కళ్ళజోళ్ళు కొనొచ్చు. పిల్ల టోపీలైతే అన్నీ కొన్నది. లెక్క మాత్రం దగ్గరకి రాలేదు. వాయిదాలు చివరిదాకా మా అన్నయ్యే కట్టాడు. అందుకే నేను టాబ్లెట్ తెచ్చి దాని చేతిలో పెడితే మా వదిన, "ఇదీ అలాంటిదేనా?" అని అడిగింది. కాదని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఈ ఆట 2012లో నార్వేలో వచ్చింది. చేయించిన జాన్ బాప్టిస్ట్ హుయిన్ అక్కడ లెక్కల మాస్టారుగా పనిచేసిన మనిషి. అది ఆట ఆడుతుంటే తెలిసిపోతుంది. పిల్లలు ఏ మెట్టు మీద జారుతారో చూసినవాళ్ళే ఇలా మెట్లు కట్టగలరు. వచ్చిన కొత్తలో నార్వేలో యాంగ్రీ బర్డ్స్‌ని కూడా దాటి అమ్ముడైందట. అయిదేళ్ళు దాటినవాళ్ళకి ఒకటి, పన్నెండు దాటినవాళ్ళకి ఒకటి, రెండు రకాలు. చిన్నదాంట్లో 10 అధ్యాయాలు, 200 చిక్కుముళ్ళు. పెద్దదాంట్లో 20 అధ్యాయాలు, 357.

తెర నడిమికి రెండు భాగాలుగా ఉంటుంది. ఒక పక్కన మిలమిల మెరిసే చిన్న పెట్టె. దాని చుట్టూ, అవతలి పక్కన చేపలు, పురుగులు, వింత బొమ్మలు ఉన్న కార్డులు. చేయాల్సింది ఒక్కటే, పెట్టెని దాని పక్కన ఒంటరిని చేయాలి. ఒంటరి కాగానే పెట్టెలో ఉన్నది అవతలి కార్డులన్నిటినీ కరకరా తినేస్తుంది. అధ్యాయం ముందుకు వెళ్ళేకొద్దీ గుడ్డులోంచి డ్రాగన్ బయటికొచ్చి పెరుగుతుంది. ఎక్కడా పాఠం లేదు, సూత్రం లేదు. ఏ కార్డు ఎటు లాగాలో చూపించడానికి ఒక చెయ్యి బొమ్మ వస్తుంది, అంతే. చదవాల్సింది దాదాపు ఏమీ లేదు కాబట్టి తెలుగు మీడియం పిల్లలకీ ఇంగ్లీషు మీడియం పిల్లలకీ తేడా రాలేదు. గడియారం తరమడం కూడా లేదు. తప్పు జరిగితే వెనక్కి వెళ్ళొచ్చు. పరీక్షంటే వణికే పిల్లకి ఇది ఎంత పెద్ద మేలో నేను కళ్ళారా చూశాను.

ప్రతి కార్డుకీ ఒక పగటి రూపం, ఒక రాత్రి రూపం ఉంటాయి. పగటి చేప మీదకి రాత్రి చేపని లాగితే రెండూ కలిసి ఆకుపచ్చ సుడిగా మారతాయి. సుడిని తాకితే మాయం. ఇదే మన ధన, ఋణ సంఖ్యలూ సున్నా. ఇక్కడ మన మాటల్లో ఉన్న సుఖం గురించి చెప్పాలి. ఋణం అంటేనే అప్పు. 628లోనే బ్రహ్మగుప్తుడు ధనం, ఋణం అన్న పేర్లతోనే వీటికి నియమాలు రాశాడు, సమానమైన ధనమూ ఋణమూ కలిస్తే శూన్యమని. నా పిల్లలకి నేను ఆ మాటే వాడాను. పగటి కార్డు చేతిలో డబ్బు, రాత్రి కార్డు కొట్లో బాకీ, రెండూ కలిస్తే చెల్లుకు చెల్లు. అప్పట్నించి మా వరండాలో సుడిని ఎవరూ సుడి అనరు, చెల్లు అంటారు. "టీచర్, వీడు చెల్లు తుడవకుండా వదిలేశాడు" అని ఫిర్యాదులు కూడా.

అసలు గొప్పతనం ఆ తర్వాత వస్తుంది. కింద వరసలో కొన్ని కార్డులు ఇస్తారు, వాటిని తీసి పైన పెట్టుకోవచ్చు. మా మేనకోడలు మొదటిసారి అలా పెట్టినప్పుడు నేను పక్కనే కూర్చుని ఉన్నాను. పెట్టె పక్కన రాత్రి పురుగు ఒకటి ఉంది. అది కిందనుంచి పగటి పురుగుని తీసి పెట్టె పక్కన వేసింది. వెంటనే అవతలి పక్కన ఒక ఖాళీ గడి మిణుకు మిణుకుమంది. పిల్ల పట్టించుకోలేదు. రెండు పురుగులనీ కలపబోయింది, కదల్లేదు. పెట్టెని నొక్కింది, కదల్లేదు. టాబ్లెట్ పాడైందేమో అన్నట్టు నా వైపు చూసింది. నేనేం మాట్లాడలేదు. కాసేపు ఆ మిణుకునే చూసి, "ఇటు కూడా పెట్టమంటోంది అత్తా" అంది. పెట్టింది. అన్నీ కదిలాయి.

పద్నాలుగేళ్ళుగా నల్లబల్ల మీద త్రాసు బొమ్మ గీసి నేను చెప్తున్నది ఆ ఒక్క మాటే. ఇటు ఏది చేస్తే అటూ అదే చేయాలి. నేను చెప్పినప్పుడు అది టీచర్ పెట్టిన రూలు. తెర మీద మాత్రం అలా చేయకపోతే లోకం కదలదు. పక్షాంతరం అనే అడ్డదారి ఈ నిజాన్ని దాచేస్తుంది. అటు వెళ్ళిందీ లేదు, గుర్తు మారిందీ లేదు. రెండు పక్కలా ఒకే అప్పు వేశాం, ఒక పక్క చెల్లిపోయింది, రెండో పక్క మిగిలింది. అడ్డదారి ముందు నేర్పితే అసలు దారి ఎప్పటికీ తెలీదు. ఈ ఆట మొదటి అధ్యాయాల్లో పిల్లల్ని పూర్తిగా అసలు దారిలోనే నడిపిస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

భాగహారం కూడా అంతే పొందిగ్గా తెచ్చారు. ఒక కార్డు కింద గీత, గీత కింద అదే కార్డు ఉంటే పైదాన్ని కిందదాని మీదకి లాగాలి, ఒక చుక్క ఉన్న పాచిక అవుతుంది. అదే ఒకటి. సుడి మాయమవుతుంది గానీ పాచిక అవదు. తనతో తను చెల్లిపోతే సున్నా, తనతో తను భాగించుకుంటే ఒకటి. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా భిన్నంలో పైనా కిందా కొట్టేసి "సున్నా" అని రాసేస్తుంటారు కదా, వాళ్ళకి ఈ తేడా వేళ్ళకి తెలిసింది. భాగించేటప్పుడు రెండు పక్కలా ఉన్న ప్రతి కార్డు కిందా పెట్టాలి. ఒక్కటి మరిచినా ఖాళీ గడి మిణుకుతూనే ఉంటుంది. నోటుపుస్తకంలో పిల్లలు ఎక్కువగా మరిచేది సరిగ్గా దీన్నే.

ఇదంతా జరుగుతుండగా చప్పుడు చేయకుండా బొమ్మలు మారుతుంటాయి. చేప బదులు అంకె, పురుగు బదులు అక్షరం. పెట్టె మీద ఎక్స్ వస్తుంది. నడిమి గీత ఉన్న చోట సమాన గుర్తు వస్తుంది. మా మేనకోడలు మూడో రోజు సాయంత్రం మొత్తం అక్షరాలే ఉన్న సమీకరణాన్ని సాధించింది, అది సమీకరణమని తెలీకుండానే. "ఇందాక నువ్వు చేసింది ఏడో తరగతి లెక్క" అని చెప్తే నమ్మలేదు. పుస్తకం తీసి ఆ పేజీ చూపించాను. పేజీ వైపు, తెర వైపు మార్చి మార్చి చూసింది. మా అమ్మ కూడా మనవరాలి పక్కన కూర్చుని మొదటి అధ్యాయం పూర్తిచేసింది. అయిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. "ఇటు ఒక చెంబు పోస్తే అటూ ఒక చెంబు, అంతేగా" అంది. అంతే మరి.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి.

రెండు వారాల్లో మా పిల్ల చిన్న ఆటలోని 200 చిక్కుముళ్ళూ పూర్తిచేసింది. నేను సంబరంగా నోటుపుస్తకం ఇచ్చి లెక్క రాశాను. రెండు ఎక్స్‌లకి 3 కలిపితే 11, ఎక్స్ ఎంత? పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత అడిగింది, "కార్డులేవి అత్తా?"

ఆ రాత్రి ఆ మాట గురించే ఆలోచించాను. దాని ప్రశ్న సరైనది. ఆటలో ఏ కార్డు వేయాలో కింది వరసే ఇస్తుంది. పిల్ల ఎక్కడ వేయాలో, ఎప్పుడు వేయాలో చూసుకుంటే చాలు. నోటుపుస్తకంలో కింది వరస లేదు. మైనస్ 3 అనేది తన బుర్రలోంచి పుట్టాలి. ఇంకోటి, ఆటలో పెట్టె ఒంటరైతే గెలిచినట్టే. ఎక్స్ ఎంత అని అంకె తేల్చాల్సిన పని పెద్దగా పడదు. తేల్చిన అంకెని మళ్ళీ లెక్కలో పెట్టి సరిచూసుకునే అలవాటు రాదు. ఇక "ఒక సంఖ్యకు రెండు రెట్లకు 3 కలిపిన 11 వచ్చును" లాంటి మాటల లెక్కని సమీకరణంగా మార్చడం ఈ ఆటలో అసలు లేదు. మన పరీక్షల్లో మార్కులు పోయేది అక్కడే.

ఇది నా ఒక్కదాని అనుభవం అనుకోకండి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 2013లో ఈ ఆటతోనే అయిదు రోజుల పోటీ పెట్టారు. 4,192 మంది బడి పిల్లలు దాదాపు 3 లక్షల 91 వేల సమీకరణాలు సాధించారు. కనీసం గంటన్నర ఆడినవాళ్ళలో 92.9 శాతం మందికి పట్టు దొరికిందని లెక్క తేల్చారు. ప్రకటనల్లో కనబడేది ఈ అంకే. కాని ఆ పట్టు ఆట లోపలి సమీకరణాల మీద. తర్వాత కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో యాంజిన్ లాంగ్, విన్సెంట్ అలెవెన్ అనే ఇద్దరు ఇదే ఆటని, సమీకరణాలు నేర్పే మామూలు కంప్యూటర్ పాఠం ఒకదాన్ని పక్కపక్కన పెట్టి తరగతి గదుల్లో చూశారు. పిల్లలు ఇష్టపడింది ఆటని. తర్వాత పెట్టిన పరీక్షలో బాగా చేసింది మాత్రం పాఠం చదివిన పిల్లలు. మా మేనకోడలి "కార్డులేవి" అన్న ప్రశ్నే అక్కడా ఎదురైందని నాకు అనిపించింది.

అందుకని నేను ఆటని పక్కన పెట్టలేదు. దానికీ నోటుపుస్తకానికీ మధ్య ఒక వంతెన వేశాను.

ఇంట్లో పాత శుభలేఖలు బోలెడు ఉన్నాయి. గట్టి అట్ట కదా, వాటిని చీట్ల పేకంత ముక్కలుగా కత్తిరించాం. తెల్లగా ఉన్నవైపు పగలు, నల్ల స్కెచ్ పెన్నుతో నింపినవైపు రాత్రి. రెండు వైపులా ఒకే అంకె. పాత అగరుబత్తి డబ్బా ఒకటి ఎక్స్ పెట్టె. వరండాలో గచ్చు మీద సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత. ఒక పిల్ల లెక్క పేర్చుతుంది, రెండో పిల్ల సాధిస్తుంది. తేడా ఒక్కటే, కింది వరస ఇవ్వను. కార్డులన్నీ బుట్టలో కలగలిసి ఉంటాయి. ఏది కావాలో నోటితో అడగాలి. "రాత్రి మూడు రెండు కావాలి టీచర్." రెండెందుకు? "ఇటొకటి, అటొకటి." ఆ జవాబు చెప్పిన పిల్ల పక్షాంతరం వెనకున్న కారణాన్ని ఇక జన్మలో మర్చిపోదు.

వారం తర్వాత గచ్చు మీద నుంచి కాగితం మీదకి మారాం. మొదట కార్డుల బొమ్మలే గీయమన్నాను. తర్వాత లెక్క కింద రెండు పక్కలా చుక్కల గళ్ళు గీసుకుని, ఆ రెండింట్లో ఒకటే రాయమన్నాను, తెర మీద మిణికిన గడిలాగా. చివర ఎక్స్ విలువని డబ్బాలో చీటీ రాసి వేసి, పైన పేర్చిన లెక్క సరిపోయిందో లేదో చూడాలి. ఈ చివరి పని పిల్లలకి ఎంత నచ్చిందంటే, సరిపోయినప్పుడు డబ్బా మూత టప్పున వేసే వంతు కోసం పోట్లాడుకుంటారు.

టాబ్లెట్ ఒక్కటే కాబట్టి ఇద్దరిద్దరిని కూర్చోబెడతాను. అదీ మంచిదే అయింది. ఒక్కడే ఆడితే కొందరు పిల్లలు ఆలోచించరు, వేలితో కార్డుల్ని అటూ ఇటూ ఈడ్చి ఏదో ఒకటి తగిలేదాకా చూస్తారు. ఎనిమిదో తరగతి కుర్రాడు ఒకడు ఇలాగే సర్రున వెళ్ళిపోయాడు, మధ్యలో ఆపి ఎందుకు వేశావురా అంటే చెప్పలేకపోయాడు. ఇప్పుడు రూలు ఏమిటంటే, వేలు తెర మీద పెట్టేముందు పక్కవాళ్ళకి కారణం చెప్పాలి. ప్రతి చిక్కుముడికీ మూడు నక్షత్రాలు ఉంటాయి, పెట్టె ఒంటరైనందుకు ఒకటి, తక్కువ ఎత్తుల్లో చేసినందుకు ఒకటి, అనవసరమైన కార్డులు మిగల్చనందుకు ఒకటి. రెండోసారి ఆడేటప్పుడు మూడు నక్షత్రాల కోసం పట్టుబట్టించండి, లెక్కని పొందిగ్గా చేసే అలవాటు వస్తుంది. మొదటిసారి మాత్రం వద్దు.

పెద్ద ఆట గురించి రెండు మాటలు. కుండలీకరణాలు, సజాతి పదాల్ని కలపడం, వేర్వేరు హారాలున్న భిన్నాల కూడిక, కారణాంకాలు, ప్రతిక్షేపణ అన్నీ ఉన్నాయి. ఎనిమిదో తరగతి ఏక చరరాశి రేఖీయ సమీకరణాలకి సరిగ్గా సరిపోతుంది. కాని చిన్నది ఆడకుండా నేరుగా ఇందులోకి దించితే పిల్లలు విసుక్కుంటారు. ఎనిమిదో తరగతివాళ్ళకైనా నేను చిన్నదే ముందు ఇస్తాను, మూడు నాలుగు రోజుల్లో దాటేస్తారు. ఈ ఆట చేసిన సంస్థే రేఖాగణితానికి ఎలిమెంట్స్ అని ఇంకొక ఆట కూడా తెచ్చింది. నా పిల్లలకి ఇంకా అది ఇవ్వలేదు.

డబ్బు సంగతి. మొదట్లో ఇది ఒకసారి కొని పెట్టుకునే ఆట. 2019లో కహూట్ అనే మరో నార్వే కంపెనీ దీన్ని కొనేసింది, ఇప్పుడు ఆ పేరుతోనే, చందా పద్ధతిలో దొరుకుతుంది. చందా కట్టేముందు ఎన్ని రోజులు ఉచితమో, ఆ తర్వాత దానంతటదే డబ్బు కోస్తుందో లేదో చూసుకోండి. నా లెక్కలో ఒక పిల్లకి నెల రోజులు చాలు. రోజుకి ఇరవై నిమిషాలు, పక్కన ఒక పెద్ద మనిషి, రెండో వారం నుంచి చేతిలో పెన్ను. పక్కన ఎవరూ కూర్చోలేని ఇంటికైతే నేను కొనమని చెప్పను, శుభలేఖల ముక్కలతో మొదలుపెట్టమని చెప్తాను. ఆరేడేళ్ళ చిన్నపిల్లలు ఉంటే దీనికంటే జీకాంప్రి చూడండి. 2000లో ఫ్రాన్సులో మొదలైంది, పూర్తిగా ఉచితం, ప్రకటనలు లేవు, పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది. గడియారం చూడటం, చిల్లర లెక్కపెట్టడం, త్రాసు తూచడం లాంటి చిన్న చిన్న ఆటలు నూటికి పైగా ఉన్నాయి.

మా మేనకోడలు బడి తెరిచాక వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. దసరాకి వచ్చినప్పుడు నోటుపుస్తకం తెప్పించుకుని చూశాను. జులైలో చేసిన లెక్కల కింద రెండు పక్కలా చుక్కల గళ్ళు ఉన్నాయి. ఆగస్టులో గళ్ళు చిన్నవయ్యాయి. సెప్టెంబరు నుంచి లేవు, మైనస్ 3 రెండు పక్కలా నేరుగా రాసేసింది. ప్రతి లెక్క చివరా మాత్రం జవాబుని వెనక్కి పెట్టి సరిచూసి, కింద చిన్న డబ్బా బొమ్మ గీసింది, మూత వేసి ఉంది.